మంటకు పొగ వైపు

కమున్యో, చేజు దీవి
1972 నవంబరు 19

అత్తయ్యకి,

ఓక్బున్ నమస్కరించి రాస్తున్నది. మీ చెవి ఎలా ఉంది? చీము కారడం తగ్గిందా? ఒసాకాలో చలి పొడి చలి, ఒంటికి మంచిది అని పోస్టుమాన్ చెప్పాడు. ఆయన ఈ దీవి దాటి ఎక్కడికీ వెళ్ళలేదనుకోండి.

మీకు చెప్పకుండా ఒక పని మొదలుపెట్టాను. సముద్రంలో దిగుతున్నాను.

పోయిన నెల మునిగే ఆడవాళ్ళ సంఘం, మన హెన్యోల సంఘం కూర్చుంది. మీరు వెళ్ళినప్పటి నుంచి మన ఇంటి తరఫున మునిగే ఆడది ఎవరూ లేరు, వసంతంలో మళ్ళీ కూర్చునేలోగా ఎవరూ దిగకపోతే ఇంటి పేరు కొట్టేస్తాం అని మాల్సున్ పెద్దమ్మ అంది. మీకు ఎంత స్నేహితురాలైనా సంఘానికి పెద్ద కదా, చెప్పక తప్పదు. పేరు పోతే ఒడ్డున నాచు ఏరుకోవాలన్నా ఇంకొకరిని అడగాలి. "ఇంట్లో కోడలుంది కదా?" అని ఎవరో అన్నారు. "ఆ బొగ్గుపిల్లా? దానికి తల తడుపుకోవడమే భయం," అని ఇంకెవరో. అందరూ నవ్వారు. నేను చెయ్యెత్తాను.

నీళ్ళ మీద పట్టుకుని తేలే మీ సొరబుర్ర, దానికి కట్టే వల సంచి అటక మీదే ఉన్నాయి. బుర్రకి పగులు లేదు. మీ నూలు బట్టే వేసుకుంటున్నాను, భుజాల దగ్గర వదులు. మొదటి రోజు నీళ్ళు నడుం దాకా రాగానే ఊపిరి బిగుసుకుపోయింది, తల ముంచనే లేదు. మాల్సున్ పెద్దమ్మ వెనకనుంచి వచ్చి నా మెడ పట్టుకుని ముంచేసింది. పైకి వచ్చి అరుస్తుంటే, "అరవడానికి ఊపిరుంది కదే, మునగడానికి లేదా?" అంది.

ఇప్పుడు పిల్లల సముద్రంలో, అంటే నిలబడితే గడ్డం దాకా వచ్చే చోట మునుగుతున్నాను. చెవులు పోటెత్తుతున్నాయి. కాసేపటికే ఒడ్డుకొచ్చి రాళ్ళగోడ లోపల మంట దగ్గర కూర్చుంటున్నాను. కొత్తదాన్ని కనక నా చోటు పొగ వైపు. కళ్ళు మండుతాయి. కానీ ఆ గోడ లోపల కూర్చోనిచ్చారు, అది చాలు.

నిన్న నా వలలో నేను పట్టని నత్తలు కనిపించాయి. ఎవరు వేశారో తెలుసు. అడిగితే, "నత్తలకి కాళ్ళున్నాయి, నడిచొచ్చాయి," అంది పెద్దమ్మ.

మీ చెల్లెలు పిన్నిగారిని అడిగినట్టు చెప్పండి.

మీ కోడలు
ఓక్బున్


ఒసాకా
డిసెంబరు 8

ఓక్బున్‌కి,

ఇది రాస్తున్నది నా చెల్లెలి కూతురు. నేను తిట్టినవి రాయనంటోంది. ఎక్కడెక్కడ ఏ తిట్టు ఉండాలో నీకు తెలుసు, కలుపుకుని చదువుకో.

నా కొడుకు పడవ తిరిగి రానప్పుడే నిన్ను మీ అన్న దగ్గరికి పొమ్మన్నాను. నీకు ముప్ఫయ్యేళ్ళు లేవు, ఇంకో పెళ్ళి చేసుకోమన్నాను. పోలేదు. కనీసం ఇల్లు చూసుకుంటూ కూర్చోమన్నాను. కూర్చోలేదు. నా మాట ఏనాడు విన్నావు గనక? మీ నాన్న బొగ్గుగనిలో తవ్వుకుని తవ్వుకుని దగ్గుతో పోయాడు, నువ్వు నీళ్ళలో తవ్వుకుంటానంటావు. మీ వంశంలో ఎవరికీ నేల మీద నిలబడటం రాదా?

సరే, దిగావు. ఇక విను.

చెవి నొప్పి పుట్టక ముందే ముక్కు మూసి గాలి చెవుల్లోకి నెట్టు. నొప్పి పుట్టాక నెడితే నాలాగా దూది మార్చుకుంటూ బతకాలి. దిగేముందు తినకు. కళ్ళద్దాలకి మాచిపత్రి నలిపి రుద్దు, మసకబారవు. రాతికి అంటుకుని చెవిచిప్ప కనిపిస్తే, దాన్ని పెకలించే ఇనపపట్టీ ఒక్క దెబ్బలో దాని కిందికి దూరాలి. దూరకపోతే అది రాతిని కరుచుకుంటుంది. అప్పుడు పట్టీ వదిలేసి పైకి రా. చిప్ప రేపు కూడా అక్కడే ఉంటుంది.

ముఖ్యమైనది చలి. చలిని తిట్టుకోకు. అది మనల్ని ఇంటికి పిలిచే కేక. పిక్కలు కర్రల్లా అయ్యాయంటే ఇంకొక్కసారి మునగాలని ఆశపడకు. మంట దగ్గరికి వచ్చెయ్. పొగ అయినా సరే, ఆ చుట్టుగోడ దాటి బయట కూర్చోకు.

మాల్సున్ నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది. అది ముంచితే మునుగు.

ఇంకో మాట. ఇక్కడ మీయె తీరంలో మునిగే మన చేజు ఆడవాళ్ళు రబ్బరు సూట్లు వేసుకుంటున్నారట. ఒంటికి నీళ్ళు తగలవట. నేను చెప్పులకి జిగురు పూసే కొట్టు యజమానికి అవి అమ్మేవాడు తెలుసు. నీ కొలత నాకు కంటికి తెలుసు. ఓడలో వచ్చే మనిషితో పంపుతున్నాను. వాడు పోయాక నీ కోసం నేను చేసింది ఇదొక్కటే. వేసుకుని, వెచ్చగా ఉందని ఒక్క ముక్క రాయి.

మీ అత్త


కమున్యో
1973 జనవరి 7

అత్తయ్యకి,

పెట్టె చేరింది. సూటు సరిగ్గా సరిపోయింది. గదిలో వేసుకుని చూశాను. చంకల దగ్గర కూడా బిగుతు లేదు. కంటితో కొలిచి ఎలా పంపారో తెలియదు.

కానీ దాన్ని నీళ్ళలో వేసుకోలేదు. సంఘం ఒప్పుకోలేదు. పై ఊళ్ళో ఇద్దరు సూట్లు తెచ్చుకుని, మిగతావాళ్ళు మంట కాచుకునే వేళ కూడా నీళ్ళలోనే ఉండి రాళ్ళన్నీ ఖాళీ చేశారట. అందుకని ఇక్కడ, ఊళ్ళో ప్రతి ఇంటికీ ఒకటి వచ్చేదాకా ఎవరూ వేసుకోకూడదని తీర్మానం. సూటు చూసి మాల్సున్ పెద్దమ్మ చాలాసేపు నిమిరింది. "మీ అత్త చేతిలో ఇంకా పొదుపుంది," అంది. తర్వాత పెట్టె మూసి సంఘం గదిలో పెట్టింది. "ఒకర్తి వెచ్చగా ఉంటే మిగతావాళ్ళ వంతు కూడా అదే తింటుంది. ఓపిక పట్టవే, బొగ్గుపిల్లా. వేసుకునే రోజు వస్తుంది," అంది.

ఆవిడ చెప్పింది న్యాయమే. నాకు కోపం రాలేదు. చలి మాత్రం వేస్తోంది. రాత్రి దుప్పట్లో కూడా పిక్కల్లోంచి పోవడం లేదు.

ఇంతదాకా రాసి చదువుకున్నాను. మీరు ఇది వింటే మాల్సున్ పెద్దమ్మతో మాట్లాడటం మానేస్తారు. నలభై ఏళ్ళు జంటగా మునిగినవాళ్ళు. ఆవిడ వారం వారం వచ్చి మీ ఉత్తరం చదివించుకుంటుంది, మిమ్మల్ని తిడుతుంది, మళ్ళీ ఎప్పుడొస్తుందట అని అడుగుతుంది. ఆ స్నేహం తెంపింది నేనని అనిపించుకోలేను.

ఇది పంపను. ఇంకొకటి రాస్తాను.


కమున్యో
జనవరి 8

అత్తయ్యకి,

పెట్టె క్షేమంగా చేరింది. సూటు సరిగ్గా సరిపోయింది. వేసుకున్నాను. వెచ్చగా ఉంది. చాలా వెచ్చగా ఉంది.

మాల్సున్ పెద్దమ్మ మీ చేతి పొదుపు మెచ్చుకుంది. ఊళ్ళో అందరూ కులాసా.

మీ చెవి జాగ్రత్త.

మీ కోడలు
ఓక్బున్


ఒసాకా
జనవరి 29

ఓక్బున్‌కి,

నీ ఉత్తరం వచ్చింది. "వెచ్చగా ఉంది" అన్న చోట రెండుసార్లు చదివించుకున్నాను. నా చెల్లెలు నవ్వింది. నవ్వనీ.

నాకు పదిహేనేళ్ళప్పుడు మంచు పడుతుంటే దిగి, బయటికొచ్చి చూసుకుంటే కాలికి గాజుపెంకు గీసుకుపోయి ఎముక కనిపిస్తోంది, నొప్పి మాత్రం లేదు. ఆ కాలి మీద ఇప్పటికీ చెయ్యి పెట్టుకుంటే వేరే ఎవరి కాలో పట్టుకున్నట్టుంటుంది. నీకా అవస్థ లేదు. బతికావు.

ఇప్పుడు అసలు విషయం. ఎంత పట్టావో రాయలేదేం? మీయె నుంచి వచ్చిన ఒకావిణ్ణి అడిగాను. సూటు వేసుకున్నవాళ్ళకి మంట అక్కర్లేదట. నీళ్ళు వెనక్కి తీసినప్పుడు దిగి, మళ్ళీ పోటు వచ్చేదాకా నీళ్ళలోనే ఉంటారట. నువ్వు ఇంకా అందరితోపాటు వెళ్ళి పొగ మింగుతూ కూర్చుంటున్నావేమో! కబుర్ల కోసం వెళ్ళకు. వాళ్ళు కాచుకునే వేళే నీ వేళ. చలి వేయని మనిషికి మంటతో పనేమిటి?

నేను చలి మాట వినమన్నది నూలు బట్టకి. రబ్బరులో అది చెప్పదు, నువ్వు వినక్కర్లేదు. పెద్ద ఆటు రోజు చూసుకుని ఒక్కసారి కూడా ఒడ్డెక్కకుండా ఉండి చూపించు. వలసంచి నిండా తీసుకెళ్ళి మాల్సున్ ముందు దిమ్మరించు. వసంతంలో పేరు ఎవరు కొడతారో చూద్దాం.

అది నన్ను అడిగిందా? దాని మోకాలు ఎలా ఉంది? అడిగానని చెప్పకు.

మీ అత్త


కమున్యో
ఫిబ్రవరి 14

అత్తయ్యకి,

మీ ఉత్తరం అందింది. పట్టింది చెప్పుకునేంత లేదు, అందుకే రాయలేదు. నత్తలు, కాస్త నాచు. చెవిచిప్పలు రెండు దొరికితే ఒకటి చిన్నదని మాల్సున్ పెద్దమ్మ తిరిగి నీళ్ళలో వేయించింది. మా వరసలో దిగిన వాళ్ళలో నాదే చిన్న సంచి. "దీని సంచి చూసి వల కుట్టినవాడు ఏడుస్తాడు," అని చున్హీ అంది. చున్హీ తెలుసు కదా, పెద్దమ్మ కూతురు. తల్లి నోరే దానికీ వచ్చింది.

ఈ మధ్య దగ్గు. మునిగే ముందు దగ్గితే ఊపిరి నిలవడం లేదు. మంట దగ్గర కూర్చున్నంతసేపూ నీళ్ళలో పోయేదాని గురించే ఆలోచన. నేను లేచేసరికి మిగతావాళ్ళు వేడెక్కి పరిగెత్తుతారు. నేను ఇంకా వణుకుతుంటాను.

సంఘం కూర్చోవడానికి ఇంకెంతో లేదు. మీరు చెప్పినట్టే చేస్తాను. ఎల్లుండి పెద్ద ఆటు. మంట దగ్గరికి వెళ్ళను.

పెద్దమ్మ మోకాలు వాచింది. ఆ కాలితోనే దిగుతోంది. మీరు అడిగారని చెప్పలేదు.

మీ కోడలు
ఓక్బున్


ఒసాకా
మార్చి 3

ఓక్బున్‌కి,

దగ్గు అంటావేమిటి? సూటు వేసుకున్నదానికి దగ్గు ఎందుకొస్తుంది? మెడ దగ్గర సరిగ్గా బిగించడం లేదా?

ఉత్తరం రాసి పద్నాలుగు రోజులు దాటింది. పెద్ద ఆటు ఎలా గడిచింది? సంచి నిండి ఉంటుంది, గర్వంతో పెన్ను పట్టుకోవడం మరిచిపోయి ఉంటావు. ఇంత పెద్ద హెన్యోవి అయిపోతే ముసలి అత్తకి ఉత్తరం ఎందుకు రాస్తావులే.

రాయి.

మీ అత్త


ఒసాకా
మార్చి 12

ఓక్బున్,

మాల్సున్ చచ్చిపోయిందని నాకు కూరగాయల కొట్టు దగ్గర తెలిసింది. కింది ఊరి నుంచి ఓడ దిగిన మనిషి, క్యాబేజీ ఏరుకుంటూ చెప్పింది. "మీ కోడలి కోసం నీళ్ళలోకి వెళ్ళి పోయింది, మీకు తెలియదా?" అంది. నా చేతిలో బుట్ట అక్కడే వదిలేసి వచ్చాను.

ఇంకోటి కూడా చెప్పింది. నిన్ను ఒడ్డుకి లాగినప్పుడు నీ ఒంటి మీద నూలు బట్టే ఉందట.

సూటు ఏమైంది? అమ్ముకున్నావా? ఎవరికి? వెచ్చగా ఉందని రాశావు. చాలా వెచ్చగా ఉందని రాశావు. ఆ మాట నేను ఇక్కడ నలుగురికి చెప్పుకున్నాను.

నా చెల్లెలి కూతురు ఏడుస్తూ రాస్తోంది, అక్షరాలు వంకరగా ఉంటే అందుకు. ఈసారి తిట్లేమీ వదిలెయ్యలేదు. నేనే తిట్టలేదు.

ఏం జరిగిందో రాయి.


కమున్యో
మార్చి 25

అత్తయ్యకి,

సూటు అమ్మలేదు. ఒక్క రోజు కూడా నీళ్ళలో వేసుకోలేదు. జనవరిలో మీకు రాసి పంపని ఉత్తరం ఒకటి ఉంది, దీంతోపాటు పెడుతున్నాను. అందులో కారణం ఉంది. మళ్ళీ రాయడానికి చేతకావడం లేదు.

ఆ రోజు వాయవ్యం గాలి. నీళ్ళు బాగా వెనక్కి తీశాయి. అందరం కలిసి దిగాం. మొదటిసారి మంటకి పిలిచినప్పుడు నేను చెయ్యి ఊపాను, రానని. "దీనికి పొగ పడదట, దొరసాని!" అని చున్హీ అరిచింది. వాళ్ళు వెళ్ళారు, వచ్చారు. మాల్సున్ పెద్దమ్మ నా పక్కకి ఈదుకొచ్చి, "పెదాలు చూసుకున్నావా? వంకాయల్లా ఉన్నాయి. పద," అంది. ఇదొక్క రాయి చూసి వస్తానన్నాను. రెండోసారి వాళ్ళు వెళ్ళినప్పుడు నేను నల్లరాయి అవతలికి వెళ్ళాను, పిలిస్తే వినిపించకుండా.

అక్కడ చెవిచిప్పలు ఉన్నాయి. నాలుగు పట్టాను. వేళ్ళు ముడుచుకోవడం లేదు, పట్టీని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కొట్టాను. తర్వాత వణుకు ఆగిపోయింది. ఒళ్ళంతా వెచ్చగా అయింది. సూటు వేసుకుంటే ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను. నాకు గుర్తున్నది అంతవరకే.

మిగతాది వాళ్ళు చెప్పింది. పైకి తేలి బిగబట్టిన ఊపిరి వదిలినప్పుడు వచ్చే ఈల నా వైపు నుంచి వినిపించడం లేదని పెద్దమ్మ మంట దగ్గర నుంచి లేచిందట. ఒళ్ళు కాగి ఉంది, కాస్త ఆగి వెళ్ళమన్నారట. ఆగలేదు. నేను సొరబుర్ర తాడుకి చుట్టుకుని ఉన్నానట. బుర్రని నాతో సహా ఒడ్డు వైపు తోసింది, చున్హీ వాళ్ళు అందుకున్నారు. నన్ను గోడ లోపలికి మోసుకెళ్ళే హడావిడిలో వెనక్కి తిరిగి చూసినవాళ్ళు లేరు. చూసేసరికి పెద్దమ్మ బుర్ర ఒక్కటే తేలుతోంది. మర్నాడు నీళ్ళు తీశాక నాచులో దొరికింది. గుండె ఆగిందని డాక్టరు అన్నాడు.

నాకు పదిరోజులు జ్వరం. ఎడమ చేతి చివరి రెండు వేళ్ళకి స్పర్శ రాలేదు.

ఆత్మని నీళ్ళలోంచి పిలిచే పూజ అయింది. పూజారిణి పెద్దమ్మ చొక్కా ఊపుతూ పేరు పెట్టి పిలిచింది. నన్ను దగ్గరికి రావద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు. గోడ వెనక నిలబడ్డాను. ఆ సాయంత్రమే సంఘం కూర్చుంది. ఇకమీదట ఎవరికి దొరికితే వాళ్ళు రబ్బరు సూటు వేసుకోవచ్చని తీర్మానించారు. నా పెట్టె తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళారు.

మన ఇంటి పేరు కొట్టెయ్యలేదు. దాని గురించి చున్హీ వచ్చి చెప్పింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు. "అమ్మ నీ పేరు కొత్త సంవత్సరం రాకముందే ఖాయం చేసింది. దిగిందా లేదా అన్నదే లెక్క, ఎంత తెచ్చిందన్నది కాదు అంది. నీకు చెప్పలేదా?" అని అడిగింది. చెప్పలేదన్నాను. "చెబితే బద్ధకిస్తావనుకుని ఉంటుంది," అంది. వెళ్ళిపోయింది.

అన్నయ్య రమ్మని రాశాడు. ఇక్కడ ఉండమంటారా, వెళ్ళమంటారా? ఉండి మళ్ళీ దిగమంటారా? మీరు ఏది చెబితే అది చేస్తాను.

ఓక్బున్


ఒసాకా
ఏప్రిల్ 10

ఓక్బున్‌కి,

రెండు ఉత్తరాలూ విన్నాను. ముందు జనవరిది చదవమన్నాను, తర్వాత మార్చిది. మాల్సున్ సూటుని నిమిరిందన్న చోట ఆపించాను. మిగతాది మర్నాడు విన్నాను.

సూటు సంఘం గదిలో పెట్టిందని రాసి ఉంటే నేను దాన్ని తిట్టేదాన్ని. ఒక ఏడాది మాట్లాడేదాన్ని కాదు. తర్వాత మాట్లాడేదాన్ని. మేం అలాంటివి చాలా పడ్డాం. ఒకసారి నత్తల బుట్ట దగ్గర గొడవపడి మూడు చలికాలాలు పక్కపక్కనే మునిగాం, పలకరించుకోకుండా. ఆ మూడు చలికాలాలూ నేను పైకి తేలినప్పుడల్లా అది నా ఈల కోసం చూసేది, నేను దాని ఈల కోసం చూసేదాన్ని. నీకిది తెలియదు. నీకు ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాల్సింది చెవుల గురించీ, మాచిపత్రి గురించీ కాదు, ఇదీ.

అబద్ధం నీది. మంట దగ్గరికి వెళ్ళవద్దన్న మాట నాది. ఏది బరువో తూచడానికి నాకు ఓపిక లేదు. నువ్వూ తూచకు. ఇద్దరం చెరో చెయ్యీ వేసి మోయాల్సిందే.

ఉండాలా వెళ్ళాలా అని అడిగావు. నేను చెప్పను. ఒడ్డున జిగురు పూసుకుంటూ కూర్చున్నదాన్ని, నీళ్ళలో ఉన్నదానికి ఒకసారి చెప్పాను, చాలు. చున్హీని అడుగు. ఆమె ఏం చెప్పకపోతే ఆమె పక్కన కూర్చుని ఉండు. వాళ్ళ ఇంట్లో నూకల జావ తాగే ముసలాయన ఉన్నాడు, మాల్సున్ మొగుడు. వంట రాదు. నిన్ను చూసి మొహం తిప్పుకుంటాడు. తిప్పుకోనీ. జావ కాచి పెట్టి, గిన్నె కడిగి రా. మళ్ళీ మర్నాడు వెళ్ళు. ఉన్నన్నాళ్ళూ వెళ్ళు.

చేతివేళ్ళకి నువ్వులనూనె రాసి రుద్దు. స్పర్శ రాదు. అయినా రుద్దు.

నేను వచ్చే నెల ఓడకి వస్తున్నాను. చెల్లెలు వద్దంటోంది. నలభై ఏళ్ళు నా ఈల విన్నది పోతే, సమాధి మీద గడ్డి పీకడానికి నేను వెళ్ళకపోతే ఎవరు వెళ్తారు?

రేవుకి రావద్దు. ఎవరు రావాలి, ఎవరు రాలేదు అని చూసుకుంటూ ఓడ దిగలేను. నడిచి వస్తాను. మన గేటుకి మూడు దుంగలున్నాయి కదా. అన్నీ దించి ఉంటే నువ్వు ఇంట్లో ఉన్నట్టు. మూడూ అడ్డంగా పెట్టి ఉంటే దూరం వెళ్ళినట్టు. ఊళ్ళో అందరికీ అదే లెక్క, నాకూ అదే. నువ్వు వెళ్ళాలనుకుంటే వాటిని పెట్టి వెళ్ళు, ఉత్తరం రాయనక్కర్లేదు. నేను దించుకుని లోపలికి వెళ్తాను.

మీ అత్త